ఆకే కదా

ఓజుర్గెతి బస్‌స్టాండుకి ఎదురుగా నా కుట్టుకొట్టు.
టికెట్లిచ్చే మాక్వలా ఒక మధ్యాహ్నం
కాగితం పొట్లం విప్పి, ముదురెరుపు వెల్వెట్ గౌను పరిచింది.
పదహారేళ్ళప్పుడు ఆడిన గౌను.
నాట్యబృందం ముప్పై ఏళ్ళకి మళ్ళీ కలుస్తోందట, అక్టోబరులో.
"వదులు చెయ్యనా?" అన్నాను,
గుండుసూదులు పెదవుల మధ్య బిగించి.
"వద్దు నజిబ్రోలా. అది నా దగ్గరికి రానక్కర్లేదు.
నేనే దాని దగ్గరికి వెళ్తాను."

సంచిలోంచి సీసా తీసి ఊపింది.
గలగలమన్నాయి క్యాప్సూళ్ళు.
సీసా మీద ఆకు బొమ్మ, ఆకు మీద మంచుబొట్టు.
"మందు కాదులే, ఆకే కదా.
మా బామ్మ నలభై ఏళ్ళు కోసిన ఆకే."

నిజమే. లమ్జీరా బామ్మని నేనెరుగుదును.
కొండవాలు తోటలో బుట్ట నడుముకి కట్టుకుని
రెండాకులూ మొగ్గా, రెండాకులూ మొగ్గా,
వేళ్ళు నల్లబడేదాకా.
రోజుకి ఆరు గ్లాసుల టీ. తొంభై దాటి పోయింది.
ఆ ఆకుని ఎవరనుమానిస్తారు?
బామ్మ తాగింది వేణ్ణీళ్ళలో తడిసిన ఆకు.
ఇది బుట్టెడాకు పిండి, ఎండబెట్టి
గోరంత గొట్టంలో కూరిన సారం.
ఆ తేడా నాకు తర్వాత తెలిసింది.

ప్రతి శుక్రవారం టేపు చుట్టేదాన్ని.
జులైలో రెండు సెంటీమీటర్లు. ఆగస్టులో ఇంకో నాలుగు.
చప్పట్లు కొట్టాను.
ఆకలి లేదంది. పనిచేస్తోంది అనుకున్నాం.
కాల్చిన జున్నురొట్టె వాసనకి వాంతొస్తోందంది.
ఇంకా బాగా పనిచేస్తోంది అనుకున్నాం.
టికెట్ కిటికీ వెనక కూర్చునే నిద్రపోతున్నానంది,
ఒళ్ళంతా దురదంది.
వెల్వెట్ పడట్లేదేమో అన్నాను నేను,
నలభై ఏళ్ళుగా బట్ట తెలిసినదాన్ని.

సెప్టెంబరు రెండో శుక్రవారం గౌను పట్టింది.
నడుం దగ్గర కొక్కెం టిక్కుమంది.
ఆమె నవ్వుతూ అద్దంలోంచి నా వైపు చూసింది.
కిటికీ వెలుతురు మొహాన పడింది.

కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు.
అబద్ధం.
మాక్వలాకి లోకం మామూలుగానే ఉంది,
గౌను ఎర్రగానే ఉంది.
లోకానికే ఆమె పచ్చగా కనిపించింది.
సీసా మీది ఆకూ పచ్చే, ఆ కళ్ళూ పచ్చే.
మాటొకటే, రంగులు రెండు.
ఒకదాంట్లోంచి ఇంకొకటి ఎప్పుడు దిగిందో
టేపు చెప్పలేదు.

బతుమి ఆస్పత్రిలో డాక్టరమ్మ అడిగింది:
ఏం మందులు వాడుతున్నారు?
ఏమీ లేవు.
తాగుడు?
పెళ్ళిళ్ళలో ఒక గ్లాసు వైను.
అడవి పుట్టగొడుగులు? నొప్పి మాత్రలు? ఏ మందూ లేదా?
లేదు డాక్టర్.
ఆమె అబద్ధమాడలేదు.
మందు అనే మాటలో ఆకుకి చోటు లేదు, అంతే.
గోడవార నిలబడ్డ నేను సంచి తెరిచాను.
అడక్కుండా ఒకరి సంచిలో చెయ్యి పెట్టడం అదే మొదలు.
డాక్టరమ్మ కళ్ళజోడు పైకి తోసి
చీమతలంత అక్షరాలు చదివింది.
లోపల తొమ్మిది మొక్కలున్నాయట. బొమ్మ ఒక్కదానిదే.
"ఇంకొక్కటి కూడా మింగొద్దు.
చాలామందికి ఏమీ కాదు, కొందరికి ఇలా అవుతుంది.
ఎవరికో ముందు చెప్పలేం."
అంత నెమ్మదిగా చెప్పింది గనకే భయమేసింది.

కుడివైపు, పక్కటెముకల కింద.
ఆ చోటు మీదుగా ఎన్నిసార్లు పోనిచ్చానో టేపుని!
అరవదు అది. రాత్రి షిఫ్టు మనిషిలా
వచ్చినదల్లా కడుగుతూ, వడకడుతూ ఉంటుంది,
చెయ్యలేని రోజుదాకా.

అక్టోబరులో బృందం ఆమె లేకుండా ఆడింది.
నవంబరుకి కళ్ళు తెల్లబడ్డాయి.
రక్తపరీక్ష అంకెలు దిగుతున్నాయి, ఇంకా పూర్తిగా కాదు.
డిసెంబరులో వచ్చింది, అదే కాగితం పొట్లంతో.
"వదులు చెయ్యి," అంది, నా మొహం చూడకుండా.
కుట్టు విప్పాను.
లోపల రెండు వేళ్ళ వెడల్పు గుడ్డ,
ఎండ తగలని ఎరుపు.
ఈ గౌను కుట్టింది మా అమ్మ.
పిల్ల పెరుగుతుందని కత్తెర వెయ్యకుండా
మడిచి దాచింది.

సీసా సంగతి నేనెత్తలేదు. ఆమే చెప్పింది:
"పక్క కిటికీలో త్సిరా అడుగుతోంది,
ఎక్కడ కొన్నావూ, ఎంతా అని."
"ఏమన్నావ్?"
"ఫోన్‌లో ఫోటో చూపించాను.
సెప్టెంబరు నాటి నా కళ్ళు."